చెవిలో కీచురాయి

చెవి ఒగ్గి: వినికిడి గురించి పాఠకుల ప్రశ్నలు, ఒక ఆడియాలజిస్టు జవాబులు

శ్రావణంలో పెళ్ళిళ్ళు, ఆ వెంటనే వినాయక చవితి, అది ముగిసీ ముగియకముందే దసరా. మా విశాఖపట్నంలో ఈ మూడు నెలలూ నా పరీక్ష గది బయటి బెంచీ ఖాళీగా ఉండదు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లోనూ సగానికి పైగా చెవిలో మోత గురించినవే. ముందుగా ఒక మాట. నేను డాక్టరును కాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా వినికిడి పరీక్షలు చేస్తున్న ఆడియాలజిస్టును. చెవి ఎంత వింటోందో కొలుస్తాను, వినికిడి యంత్రాలు అమరుస్తాను, మోత పోనివారికి దానితో కాపురం చేయడం నేర్పుతాను. మందులు రాయను. పోయిన నెల మాత్ర పేరు చెప్పలేదని ఒక పెద్దాయన కోపంగా కార్డు రాశారు. ఆయనకూ ఇదే జవాబు.

ప్రశ్న: మాది మద్దిలపాలెం. వయసు 23. మా పెదనాన్న కొడుకు పెళ్ళి గాజువాకలో జరిగింది. ఊరేగింపులో డీజే బండి పక్కనే రెండున్నర గంటలు డ్యాన్సు చేశాం. ఇంటికి చేరేసరికి రెండు చెవులూ దిబ్బెళ్ళు పడ్డాయి. తెల్లారేసరికి కుడి చెవి తేలికైంది. ఎడమ చెవిలో మాత్రం సన్నగా కీమని ఒకటే మోత. తొమ్మిది రోజులైంది. "మాకూ వచ్చింది, రెండు రోజుల్లో పోయింది, నీదీ పోతుంది" అంటున్నారు స్నేహితులు. నిజంగా పోతుందా?

జవాబు: బాబూ, మీ ఉత్తరం అందిన రోజే మీకు ఫోను చేశాను. పత్రిక అచ్చయ్యేదాకా ఆగగల ఉత్తరం కాదది. పెద్ద శబ్దం తరవాత గానీ, ఏ కారణమూ లేకుండా గానీ ఒక చెవి ఉన్నట్టుండి మందగిస్తే, మందుకు ఉండే గడువు రోజుల్లోనే. స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అనేది ఈఎన్‌టీ డాక్టరు తేల్చాలి. తేల్చాలంటే మొదటి రెండు మూడు రోజుల్లోనే మీరు ఆయన ఎదుట కూర్చోవాలి. వాల్తేరులో ఈఎన్‌టీకని ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రే ఉన్న ఊళ్ళో, మీరు తొమ్మిది రోజులు స్నేహితుల మాట విని కూర్చున్నారు. ఆ కోపం ఫోనులోనే తీర్చుకున్నాను కనుక ఇక్కడ మళ్ళీ వద్దు. మీ ఉత్తరం పోయిన సంచికలో వేయకుండా ఆపింది మీ రెండో పరీక్ష కోసం. మీరు సరేనన్నారు కాబట్టి జరిగింది అందరికీ చెబుతాను.

నా పరీక్ష గది బీరువా కంటే కాస్త పెద్దది, అంతే. గోడలకు చిల్లుల పలకలు. తలుపు మూయగానే బయటి ఆటోల రొద కోసేసినట్టు ఆగిపోతుంది. హెడ్‌ఫోనులో ఎర్ర గిన్నె కుడి చెవికి, నీలం గిన్నె ఎడమ చెవికి. అద్దానికి ఇవతల నేను. శబ్దం ఎంత చిన్నదైనా వినపడగానే బటను నొక్కాలి. కుడి చెవి చకచకా అయిపోయింది. ఎడమ చెవికి 4000 హెర్ట్జ్ (స్వరం ఎంత పైదో చెప్పే కొలత) దగ్గరికి వచ్చాక నేను చెయ్యి ఆపి ఊరుకున్నాను. శబ్దమేమీ పంపలేదు. మీరు నొక్కారు. కాసేపాగి మళ్ళీ నొక్కారు. అబద్ధం కాదది. మీ చెవిలోని కీచురాయి నా యంత్రం కూసే స్థాయిలోనే కూస్తోంది, ఏది ఎవరిదో మీకు తెలియడం లేదు. శబ్దాన్ని తుంపులు తుంపులుగా పంపడం మొదలుపెట్టాక గానీ సరైన లెక్క రాలేదు.

ఒక్కో స్వరంలో మనిషి వినగలిగిన అతి చిన్న శబ్దాన్ని కాగితం మీద గుర్తు పెడతాం. 20 డెసిబెళ్ళ లోపు ఉంటే చెవి బాగున్నట్టు. మీ కుడి చెవి ఎర్ర సున్నాలు 10, 15 దగ్గర బుద్ధిగా వరసలో ఉన్నాయి. ఎడమ చెవి నీలం గుర్తులు 2000 దాకా వాటి పక్కనే నడిచి, 4000 దగ్గర 45కి జారిపోయి, 8000 దగ్గర మళ్ళీ 20కి లేచాయి. మధ్యలో ఒక లోయ. పెద్ద శబ్దం తిన్న చెవి గీత ఇలాగే ఉంటుంది. డీజే బండి మీకు ఏ వైపున ఉందో మీరు చెప్పకపోయినా ఆ కాగితమే చెప్పేది.

ఇక మీ స్నేహితుల మాట. మోత పోవచ్చు. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో పోతుంది కూడా. మోత పోయింది కాబట్టి చెవి బాగుపడిందని అనుకోవడం దగ్గరే నాకూ వారికీ పేచీ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మీరు బడిపిల్లవాడు. మరునాటి పొద్దు మీకు గుర్తుండే ఉంటుంది. కొన్ని చెట్లు వంగిపోయి, తరవాత మెల్లగా లేచాయి. కొన్ని వేళ్ళతో సహా పడ్డాయి, అవి లేవలేదు. లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన చిన్న ఎముక గది ఉంది, కోక్లియా అంటారు. దానిలో శబ్దాన్ని పట్టే రోమ కణాలు సుమారు 15,000. కంటిలో వెలుతురు పట్టే కణాలు కోట్లలో ఉంటాయి, చెవికి దక్కింది ఇంతే. పెద్ద మోతకు వీటిలో కొన్ని వంగుతాయి, అవే మళ్ళీ నిలబడతాయి. కొన్ని చస్తాయి. కోడికి, పిచ్చుకకు చచ్చిన రోమ కణాల చోట కొత్తవి పుడతాయి, మనకు పుట్టవు. ఈ ఒక్క విషయంలో కోడి మనకంటే భాగ్యవంతురాలు.

హుద్‌హుద్ నాటి ఇంకో దృశ్యం కూడా గుర్తు తెచ్చుకోండి. కరెంటు స్తంభాలు కొన్ని చెక్కుచెదరకుండా నిలబడే ఉన్నాయి. వాటి మీద తీగలు లేవు. వీధిలో నిలబడి చూస్తే అంతా బాగానే ఉన్నట్టుండేది, రాత్రికి గానీ తెలిసేది కాదు. 2009లో అమెరికాలో షారన్ కుజావా, చార్లెస్ లీబర్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిట్టెలుకలకు 100 డెసిబెళ్ళ శబ్దాన్ని రెండు గంటలు వినిపించి చూశారు. రెండు వారాల్లో వాటి వినికిడి పరీక్ష మామూలుకు వచ్చేసింది. రోమ కణాలూ నిలబడే ఉన్నాయి. కానీ చెవిలో కొన్ని చోట్ల ఆ కణాలను నరానికి కలిపే అతుకుల్లో సగం దాకా తెగిపోయి ఉన్నాయి. ఎలుక చెవీ మన చెవీ ఒకటి కాకపోవచ్చు. అయినా "కాగితం బాగుంది కానీ నలుగురిలో మాట అందడం లేదండీ" అంటూ వచ్చే పాతికేళ్ళవారిని చూసినప్పుడల్లా నాకు ఆ తీగలు లేని స్తంభాలే గుర్తుకొస్తాయి.

లెక్క చెబుతాను. 85 డెసిబెళ్ళ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ప్రతి 3 డెసిబెళ్ళకూ శబ్ద శక్తి రెట్టింపవుతుంది, ఉండదగ్గ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒక గంట, 97కి అరగంట, 100కి పావుగంట. ఒకసారి మా వీధిలో ఊరేగింపు వెళుతుంటే బండికి పది అడుగుల దూరంలో నా మీటరు పెట్టాను, 106 చూపించింది. ఆ లెక్కన నాలుగు నిమిషాలైనా ఉండకూడదు. అంటే ఒక్క పాట. మీరు ఉన్నది రెండున్నర గంటలు. అదే నలభై అడుగుల దూరంలో ఆడి ఉంటే, ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా సుమారు 6 డెసిబెళ్ళు తగ్గుతాయి కనుక, 94 దగ్గర ఒక గంట హాయిగా ఆడేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకు పెట్టిన పైహద్దు కూడా 15 నిమిషాల సగటున 100. ఊరేగింపు బండి మీద ఏ మీటరూ ఉండదు, దానికి హద్దు తోలేవాడి ఉత్సాహమే.

నలభయ్యో రోజున మీరు మళ్ళీ వచ్చారు. 4000 దగ్గర 45 ఉన్నది 35 అయింది. మోత సన్నబడింది, పగలు గుర్తుండటం లేదన్నారు. ఇక పెద్దగా మారకపోవచ్చు. అలాగని నిశ్శబ్దంలోకి పారిపోయి తలుపులు మూసుకోవద్దు, అది మోతను పెంచుతుంది. వచ్చే నెల మీ స్నేహితుడి పెళ్ళి అని చెప్పారు. ఇయర్ ప్లగ్‌లు జేబులో వేసుకొని వెళ్ళండి, బండికి దూరంగా ఆడండి. వెళ్ళవద్దని నేను అనను.

ఇది చదివే మిగతావారికి రెండు ముక్కలు. మోత గుండె కొట్టుకునే లయలోనే వస్తున్నా, దానితో పాటు తల తిరుగుతున్నా, ఏ పెద్ద శబ్దమూ తగలకుండా ఒక్క చెవిలోనే మొదలైనా, దానికి వేరే కారణాలు ఉండవచ్చు. డాక్టరు దగ్గరికి ముందు వెళ్ళి, ఉత్తరం తరవాత రాయండి.

ప్రశ్న: మా అబ్బాయి చెవిలో మోత అంటున్నాడు. వెల్లుల్లి వేసి కాచిన నువ్వులనూనె పోయమంటున్నారు మా అత్తగారు. పోయవచ్చా? (గృహిణి, గోపాలపట్నం)

జవాబు: వద్దమ్మా. నూనె కర్ణభేరి దగ్గరే ఆగిపోతుంది, మోత పుట్టేది దానికి చాలా అవతల. కర్ణభేరికి చిల్లుంటే ఆ నూనె లోపలికి దిగి చీము పట్టే ప్రమాదం కూడా ఉంది. గులిమి గట్టిపడి మోత వస్తుంటే డాక్టరు అయిదు నిమిషాల్లో తీసేస్తారు. మీ అత్తగారి నూనె తాలింపుకు వాడండి, పప్పు బ్రహ్మాండంగా ఉంటుంది.

ప్రశ్న: కంచరపాలెంలో బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తాను. వయసు 46, ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. ట్రంపెట్లు నా వెనక, కీబోర్డు బండి స్పీకర్లు నా పక్కన. సీజనులో రోజుకు అయిదారు గంటలు. రాత్రి పడుకుంటే రెండు చెవుల్లో కీచురాళ్ళు. దూది పెట్టుకొని చూశాను. తోటివారి స్వరం అందక శ్రుతి తప్పాను, మాస్టారు అందరి ముందూ తిట్టారు. ఈ పని మానేస్తే నాకు వేరే పని రాదు.

జవాబు: తమ్ముడూ, మానేయమనేవారు మీకు చాలామంది దొరుకుతారు. నేను అనను. ఆ మాట మా నాన్నగారికి చెప్పి చూశాను.

ఆయనకు పాతనగరంలో మైకు సెట్టు ఉండేది. రెండు యాంప్లిఫయర్లు, ఆరు గొట్టం మైకులు, రికార్డుల పెట్టె. మార్గశిర మాసంలో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి చుట్టుపక్కల వీధుల్లో ఆయనకు తీరిక ఉండేది కాదు. కొబ్బరిచెట్టు మీద గొట్టం కట్టి, దిగి, నన్ను దాని కింద నిలబెట్టి, తాను సెట్టు దగ్గరికి వెళ్ళి "హలో, ఒకటి, రెండు, మూడు" అనేవారు. వినపడితే నేను చెయ్యి ఊపాలి. ఎనిమిదేళ్ళ పిల్లను, అదే నా మొదటి వినికిడి పరీక్ష ఉద్యోగం. ఆయన మాత్రం యాభై దాటేసరికి ఎవరేమన్నా "ఆ?" అనడం మొదలుపెట్టారు. అరవయ్యో ఏట "ఈ కాలం వాళ్ళు నోట్లో నోట్లో గొణుగుతారు" అనేవారు. తన చెవికి ఏదో అయిందని చివరిదాకా ఒప్పుకోలేదు. నేను మైసూరు వెళ్ళి ఈ చదువు చదివి వచ్చాక ఆయనకు పరీక్ష చేస్తానన్నాను. "నీకు చెయ్యి ఊపడం నేర్పింది నేను" అన్నారు. గదిలోకి రాలేదు.

మీరు మీ అంతట మీరే రాశారు. అందుకు సంతోషం.

దూది సంగతి ముందు. దూది ఆపేది బహు తక్కువ, ఆ ఆపేది కూడా పై స్వరాలనే. కింది దభదభలన్నీ లోపలికి వస్తాయి, క్లారినెట్ అంచు మాత్రం పోతుంది. శ్రుతి తప్పింది మీ తప్పు కాదని మీ మాస్టారికి చెప్పండి. కార్మికులు వాడే స్పాంజి ప్లగ్‌లు బాగా ఆపుతాయి కానీ అవి కూడా పై స్వరాలను ఎక్కువగా మింగేస్తాయి. డ్రమ్ము కొట్టేవారికి పరవాలేదు, మీకు పనికిరావు. వాద్యకారుల కోసం ప్రత్యేకంగా చేసిన ఇయర్ ప్లగ్‌లు ఉన్నాయి. లోపల చిన్న ఫిల్టరు ఉంటుంది, కింది స్వరాన్నీ పై స్వరాన్నీ ఇంచుమించు ఒకేలా తగ్గిస్తుంది. పాట అదే, కాస్త దూరం నుంచి వింటున్నట్టు ఉంటుంది. 9, 15, 25 డెసిబెళ్ళు తగ్గించే రకాలు దొరుకుతాయి. మీకు 15 చాలు. ఇందాక ఆ కుర్రవాడికి చెప్పిన లెక్కలో పెట్టి చూడండి: 100 లోంచి 15 పోతే 85. పావుగంట కాస్తా 8 గంటలైంది. మీ రోజు కూలి మొత్తం దానిలో పడుతుంది. ఖరీదే, కాదనను. కానీ మీరు క్లారినెట్ రీడు మీద పెట్టే ఖర్చుకు వెనకాడరు కదా, ఇదీ మీ వాద్యంలో భాగమే అనుకోండి.

మొదటి వారం కొత్తగా ఉంటుంది. మీ క్లారినెట్ మీ పుర్రెలోంచి వినపడుతుంది, అది విసుగు పుట్టిస్తుంది. ఇంట్లో సాధన చేసేటప్పుడు పెట్టుకొని అలవాటు పడ్డాకే మేళంలోకి వెళ్ళండి. తిన్నగా మేళంలో పెట్టుకుంటే మళ్ళీ తిట్లు తింటారు.

మీ డ్రమ్ము వాళ్ళకు స్పాంజి ప్లగ్ పెట్టుకునే తీరు చెప్పండి. నూటికి తొంభై మంది చెవి గుమ్మంలో అంటించుకొని వస్తారు. శుభ్రమైన వేళ్ళతో దాన్ని అగరువత్తి పుల్లంత సన్నగా నలపాలి. రెండో చెయ్యి తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగాలి. అప్పుడు కాలువ తిన్నగా అవుతుంది. లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో పట్టుకోవాలి. సరిగ్గా కూర్చుంటే మన మాట మనకే బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు వినపడుతుంది.

ఇక మేళం నడిచే వరస. స్పీకర్ల బండి అందరికంటే ముందు ఉండాలి, నోరు ముందుకే తిరిగి ఉండాలి. ట్రంపెట్ నోరు మీ మెడ వెనక కాకుండా ఒక అడుగు పక్కకు జరగాలి. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు, మాస్టారు ఒప్పుకుంటే చాలు. ఊరేగింపు అయ్యాక బస్సులో ఫోను పాటలు వద్దు. సీజను ముందొకసారి, తరవాత ఒకసారి పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: మాది మల్కాపురం. మా వారు ఓడలు కట్టే చోట రేకుల పనిలో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యారు. నేను పిలిస్తే పలకరు, పక్కింటాయన మాట మాత్రం చక్కగా వినపడుతుంది. మొన్న పప్పు మాడిందన్నాను. "నేనేం తప్పు చేశాను?" అని గొడవకు వచ్చారు. కావాలనే చేస్తున్నారని నా అనుమానం.

జవాబు: అమ్మా, ఆ గొడవలో ఆయన నిర్దోషి. అచ్చులు బలంగా, కింది స్వరాల్లో ఉంటాయి. ప, త, క, స, చ లాంటి హల్లులు పై స్వరాల్లో, ఊపిరంత మెత్తగా ఉంటాయి. సుత్తి దెబ్బలు తిన్న చెవికి ముందు పోయేవి ఆ పై స్వరాలే. పప్పులో ఆయనకు అందింది 'అప్పు' మాత్రమే, ముందున్న అక్షరం ఆయన ఊహించుకున్నారు. తప్పు అని ఊహించడానికి కారణమేమిటో మీ ఇద్దరికే తెలియాలి. ఆడవారి గొంతు, పిల్లల గొంతు మగవారి గొంతు కంటే పై స్వరంలో ఉంటుంది. పక్కింటాయన వినపడటం అందుకే. మనవలు ఉంటే వారి మాట ఇంకా అందదు.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. 1886లో గ్లాస్గో నగరంలో థామస్ బార్ అనే చెవి వైద్యుడు బాయిలర్లు తయారు చేసే 100 మంది కార్మికులను పరీక్షించాడు. వినికిడి మామూలుగా ఉన్నవాడు ఒక్కడూ తేలలేదు. అప్పట్లో దాన్ని వృత్తిలో మామూలే అనుకునేవారు, మన దగ్గర ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు.

వంటింట్లోంచి అరవకండి. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు కావు. పైగా కోపంగా ఉన్నారని ఆయనకు అనిపిస్తుంది. ఎదురుగా వచ్చి, పేరు పెట్టి పిలిచి (మీరు పేరు పెట్టి పిలవరేమో, "ఏమండీ" అనే పిలవండి), ఆయన తల తిప్పాక మాట మొదలుపెట్టండి. పరీక్షకు మీరే తీసుకురండి, ఒంటరిగా రమ్మంటే మా నాన్నగారిలా రారు. యంత్రం అవసరమైతే ఇప్పుడే పెట్టించండి. పదేళ్ళు ఆగి వచ్చేవారికి మాటలను విడదీసుకునే అలవాటే తప్పిపోయి ఉంటుంది, యంత్రంతో నెలల తరబడి కుస్తీ పట్టాలి.

ప్రశ్న: మా ఇంటి ఎదుటి పందిట్లో రాత్రి పన్నెండు దాకా మైకు. నాలుగు నెలల పాప ఉంది. చట్టం ఏమంటుంది? (అక్కయ్యపాలెం)

జవాబు: 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడు స్పీకరు నిషిద్ధం. పండగలకని రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. నివాస ప్రాంతాల్లో హద్దు పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45. ముందు పందిరి కుర్రవాళ్ళకు పాపను ఎత్తుకొని వెళ్ళి చూపించండి, చాలాసార్లు అది పనిచేస్తుంది. పని చేయకపోతే 112. ఈలోగా పాపను వీధికి దూరంగా ఉన్న గదిలో పడుకోబెట్టండి. పాప చెవుల్లో దూది గానీ ఇంకేదైనా గానీ పెట్టవద్దు.

ప్రశ్న: సీతమ్మధారలో ఉంటాను, టీచరును, వయసు 51. రెండేళ్ళుగా రెండు చెవుల్లో మోత. పగలు పిల్లల గోలలో తెలియదు. రాత్రి పదకొండు దాటి వీధి సద్దుమణిగితే అదొక్కటే ప్రపంచం. స్కానింగులు బాగున్నాయన్నారు. "అలవాటు చేసుకోండి" అని పంపేశారు. ఎలా చేసుకోవాలో ఎవరూ చెప్పలేదు.

జవాబు: టీచరు గారూ, ఆ "అలవాటు చేసుకోండి" అనే మాట మా వృత్తిలో అందరికంటే ఎక్కువగా వాడేది, అందరికంటే తక్కువగా వివరించేది. నా ఎడమ చెవిలో కూడా ఒకటుంది. ఈ వాక్యం రాస్తుంటే వినపడుతోంది. కొబ్బరిచెట్టు కింద నిలబడ్డ రోజుల ఫలం అని నా నమ్మకం.

మోత అంటే ఏమిటో మా నాన్నగారి యాంప్లిఫయరు దగ్గర నాకు తెలిసింది. మైకు తీగ ఎక్కడో తెగి శబ్దం సరిగా రాకపోతే ఆయన గుండీ తిప్పి పెంచేవారు. పాట రాదు, గొట్టంలోంచి బుస్సుమని ఒక హోరు వచ్చేది. ఆ హోరు మైకులోంచి వచ్చేది కాదు, సెట్టు లోపలిదే. చెవి నుంచి రావలసిన శబ్దం తగ్గితే మెదడు చేసేది కూడా చాలావరకు అదే. గుండీ పెంచుతుంది, తన లోపలి హోరు తానే వింటుంది. చుట్టూ నిశ్శబ్దమైతే ఇంకా పెంచుతుంది. అందుకే రాత్రి పదకొండు తరవాత మీకు అంత పెద్దగా వినపడుతుంది. అందుకే చెవుల్లో ఇయర్ ప్లగ్‌లు పెట్టుకొని పడుకుంటే మరీ పెరుగుతుంది.

కాబట్టి పడక గదిలో నిశ్శబ్దం ఉంచకండి. ఫ్యాను చాలు, ఫోనులో వాన చప్పుడో అలల చప్పుడో పెట్టుకున్నా సరే. మోతను ముంచేసేంత పెద్దగా కాకుండా, దాని కంటే ఒక పిసరు తక్కువగా పెట్టాలి. రెండూ కలిసి వినపడాలి, అప్పుడే మెదడు మోతను పక్కన పెట్టడం నేర్చుకుంటుంది. నేనైతే అలల చప్పుడు సలహా ఇచ్చి ఊరుకోకుండా, జనం పలచబడే వేళ ఆర్కే బీచికి వెళ్ళి కురుసుర జలాంతర్గామి దాటాక రాళ్ళ మీద ఒక గంట కూర్చోమంటాను. అక్కడ మీ మోత మీకు ఎంత వినపడిందో నాకు రాయండి. రెండో సంగతి, పరీక్షలో వినికిడి కొంచెమైనా తగ్గిందని తేలితే యంత్రం పెట్టించుకోండి. బయటి శబ్దం అందితే మెదడు గుండీ తగ్గిస్తుంది, చాలామందికి మోత దానితోనే సగం అణగుతుంది. మూడోది మీకు నచ్చకపోవచ్చు. మోతను తీసేసే మాత్ర ఇంతవరకు లేదు. జింకో చెట్టు ఆకుల బిళ్ళలతో సహా ఉందని అమ్మేవన్నీ డబ్బు దండగ. మోత వల్ల పుట్టే భయాన్ని, నిద్రలేమిని తగ్గించడంలో బాగా రుజువైనది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. మానసిక నిపుణుల దగ్గర కొన్ని వారాలు కూర్చోవాలి. దానికి వెళితే పిచ్చి అంటారేమోనని వెనకాడకండి. మోతను కాదు, మోత వినగానే గుండె దడదడలాడటాన్ని మాన్పిస్తారు వారు. అది మానితే మోత గోడ గడియారం చప్పుడులా మూలకు జరుగుతుంది.

నా సంగతి అడుగుతారేమో. నా మంచం పక్కన పాత టేబుల్ ఫ్యాను ఒకటి ఉంది, తిరిగినప్పుడల్లా దాని రేకు గరగరలాడేది. పోయిన వేసవిలో మా వారు ఆ గోల భరించలేక మెకానిక్కును పిలిపించి బాగు చేయించారు. ఫ్యాను పట్టులా తిరిగింది. రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. మూడో రోజు ఆయన కూరలకు వెళ్ళినప్పుడు స్క్రూడ్రైవరు తీసి, వెనక స్క్రూ ఒకటి నేనే వదులు చేశాను.